అత్తయ్య ఊడ్చని గది

మా అత్తయ్య జూలో ఊడ్చే మనిషి. ఆవిడ చీపురు పట్టిందంటే దుమ్ముకు నూకలు చెల్లినట్టే. ఇంట్లో మేం బిస్కట్ తింటుంటే పొడి రాలకుండా కింద అరచెయ్యి పట్టేది. "మీ అత్త ఊడ్చిన చోటికి చీమ కూడా కాళ్లు కడుక్కునే రావాలి" అనేవాడు మామయ్య.

ఒకసారి జూకి రెక్క విరిగిన పొన్నంగి పిట్టను తెచ్చారు. పిడికెడు పిట్ట. పచ్చటి వీపు, భుజాన నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, లేత పసుపు రొమ్ము, కడుపు కింద ఎర్రెర్రగా. తోక దగ్గరికి వచ్చేసరికి మాత్రం దర్జీకి గుడ్డ చాలనట్టుంది. అత్తయ్య దాన్ని చూసి మురిసిపోయింది. ఇంత సొగసుకత్తె చెత్తలో ఉండడమేమిటని దాని గదిని రోజూ ఒక్క ఆకు మిగలకుండా ఊడ్చింది.

పిట్ట మూలన నక్కింది. గిన్నెలోని పురుగులను ముట్టలేదు. రొమ్మెముక పైకి తేలింది. "తిండి తినకపోతే నేనేం చెయ్యనమ్మా?" అని డాక్టరు చేతులెత్తేశాడు. ఆ రోజు అత్తయ్య కంచం ముందు కూర్చుని ఏడ్చింది.

ఇంతలో ఆవిడకు జ్వరం వచ్చింది. కాస్త తగ్గగానే జూకి పరుగెత్తింది. పైనున్న వలలోంచి రాలిన ఎండుటాకులతో గది నిండిపోయి ఉంది.

"నేను మంచమెక్కితే ఒక్కరూ పట్టించుకోరా!" అని తిడుతూ చీపురు ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

పిట్ట గెంతుతోంది. ముక్కుతో ఆకును పక్కకు విసిరి, కిందున్న పురుగును గుటుక్కున మింగి, పొట్టి తోక పైకీ కిందికీ ఆడించి, మరో ఆకు మీద పడుతోంది.

"అయ్యో తల్లీ! నీ కంచాన్ని రోజూ ఊడ్చేసింది నేనేనా?"

సాయంత్రానికల్లా అత్తయ్య గోతాలకొద్దీ ఆకులు మోసుకొచ్చి ఆ గదిలో గుమ్మరించింది. తోటివాళ్లు పడీ పడీ నవ్వారు. పై అధికారి మండిపడ్డాడు.

"ఈ చెత్తంతా ఎవరు పోశారు?"

"నేనేనండీ. రేపూ పోస్తాను."

"ఉద్యోగం ఉండాలని లేదా?"

"ఉందండీ. పిట్ట కూడా ఉండాలి. కాస్త అరవకుండా చూడండి."

ఆయన చూశాడు. చూసి, మర్నాడు తోటలో రాలిన ఆకులన్నీ ఆ గదికే పంపమన్నాడు.

రెక్క అతికాక పిట్టను అడవిలో వదలడానికి అత్తయ్యనూ జీపులో తీసుకెళ్లారు. పెట్టె మూత తీయగానే అది ఆకాశం వంక చూడనైనా లేదు. ఆకుల్లోకి గెంతి, నాలుగు తిరగేసి, తల వెనక్కి వంచి గట్టిగా ఈల వేసింది.

అత్తయ్య నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని అంతకంటే గట్టిగా వేసింది. ఆవిడకు ఈల వచ్చని మామయ్యకు కూడా తెలియదట.