పర్మిషన్ హెబ్రోను

అల్లూరులో రొయ్యల గుంటల మోటార్లకు వైండింగ్ కట్టే హెబ్రోనుకు ఒకటే జబ్బు. అడగకుండా ఏదీ తీసుకోడు, అడగకుండా తీసుకునేవాళ్ళను బతకనివ్వడు. పెళ్ళికి వెళ్తే ఫొటోగ్రాఫర్‌ను ఆపి, "నా మొహం తీసేముందు నన్నడిగినావా?" అంటాడు. చెల్లెలి బిడ్డకు పేరు పెట్టిన రోజున ఆ మూడు నెలల పసిగుడ్డు మీదికి వంగి, "బుజ్జమ్మా, ఒక ఫొటో తీసుకుందునా?" అని అడిగి, అది నవ్వేదాకా ఫోను పైకెత్తలేదు. పర్మిషన్ హెబ్రోను అని ఊళ్ళో పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టేముందు కూడా తననెవరూ అడగలేదని ఆయనకు బాధ.

ఈ మహానుభావుడితో ఇరవై రెండేళ్ళుగా కాపురం చేస్తున్నది కరుణాకుమారి. ఒకరోజు ఆమె వంటింట్లోంచి, "మిక్సీ కాలిపోయిందయ్యా" అని కేకేసింది. సాయంత్రానికి హెబ్రోను ఫోను నిండా మిక్సీల ప్రకటనలే. ఆయన ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

"మనింట్లో మాటలు ఎవుడో వింటావుండాడు మే. మనల్ని అడిగినాడా?"

"అడిగితే వినమందువా?"

"అది వేరే సంగతి. ముందు అడగాల గదా!"

ఛార్జింగు అయిపోయేదాకా ఆ ఇంట్లో బియ్యం డబ్బా మోగుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన ఒక పాత కంప్యూటరు తెచ్చి, దానికి పెద్ద డిస్కులు నాలుగు తగిలించి, ఇంటి సర్వరు అని పేరు పెట్టాడు. పాటలు, ఫొటోలు, పెళ్ళి వీడియోలు, అన్నీ అందులోనే. టీవీకైనా ఫోనుకైనా అక్కడినుంచే వస్తాయి, ఏదీ గడప దాటి ఏ కంపెనీకీ పోదు. దుమ్ము పడకూడదని దాన్ని కరుణ పట్టుచీరల బీరువాలో కింది అరలో పెట్టాడు. వేడెక్కకూడదని బీరువా తలుపుకు రంధ్రాలు కొట్టి చిన్న ఫ్యాను బిగించాడు.

"నా బీరువాకు బొక్కలు కొట్టేముందు నన్నడిగినావా?" అన్నది కరుణ.

హెబ్రోను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని మోటార్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

చుట్టుపక్కల చర్చిల పాత క్యాసెట్లన్నీ కొని, ఓపిగ్గా ఆ సర్వరులోకి ఎక్కించాడు. వినాలనుకున్నవాళ్ళు ఎవరైనా రావచ్చు, కరుణ కాఫీ కూడా ఇస్తుంది. పెన్‌డ్రైవ్ బయటికి తీశారా, అంతే సంగతులు. "ఎంతసేపైనా వినబ్బా, కాపీ మాత్రం అడగబాక. కొన్న క్యాసెట్టు ఇంట్లో వినేది నా హక్కు, ఊరికి పంచేది పాడినోళ్ళ హక్కు" అంటాడు.

ఈ జబ్బు ముదిరి చర్చి మీద పడింది. చర్చి కట్టి డెబ్బై ఐదేళ్ళవుతున్నదని పెద్ద పండగ పెట్టుకున్నారు. రెండువేల ఒకటిలో ఆ చర్చి క్వయిరు పాడిన క్యాసెట్టులోని పాట ఆ ఆదివారం మైకులో వేయాలని అందరి కోరిక. ఆ క్యాసెట్టు ఊరంతా వెతికినా లేదు, హెబ్రోను బీరువాలో తప్ప. క్వయిరు లీడరు జడ్సన్ పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు. ఆ రోజుల్లో తబలా వాయించింది ఆయనే.

"అందులో పదకొండు గొంతులుండాయి. పదకొండు సంతకాలు తీసకరా" అన్నాడు హెబ్రోను.

జడ్సన్ పాస్టరు క్రీస్తురాజు అయ్యగారిని వెంటబెట్టుకొచ్చాడు.

"దేవుని పాటకు పర్మిషన్ ఏందయ్యా హెబ్రోనూ?"

"పాట దేవునిదే అయ్యగారూ. గొంతు మనిషిది గదా."

అయ్యగారు కాఫీ తాగి వెళ్ళిపోయారు. జడ్సన్ తిట్టుకుంటూనే బండి తీశాడు. కోవూరులో ఇద్దరు, చిల్లకూరు హైవే మీద హోటలు పెట్టుకున్నాయన ఒకడు, మిగతావాళ్ళు ఊళ్ళోనే. గురువారానికి పది సంతకాలయ్యాయి. పదకొండోది ఏసుమణిది.

ఏసుమణి జడ్సన్‌కు తోడబుట్టిన అక్క. రెండు వీధుల అవతలే ఇల్లు. ఇద్దరికీ మాటల్లేక ఇరవై నాలుగేళ్ళు. ఆ పాటలో రెండో చరణం మొత్తం ఆమే పాడింది, కానీ క్యాసెట్టు అట్టమీద పది పేర్లే అచ్చయ్యాయి, ఆమె పేరు లేదు. పేర్లు రాసిచ్చింది తమ్ముడే. ఆమె ఆ రోజునుంచి ఆ చర్చి గడప తొక్కలేదు.

"అక్కది వదిలెయ్యన్నా" అని బతిమాలాడు జడ్సన్.

"వదిలేస్తా. రెండో చరణం తీసేసి ఇస్తా, సరేనా?"

కరుణకు ఒళ్ళు మండింది. "నీకు గుండెకాయుందా లేదా? ఆ మనిషి మొహం చూడు, ఎట్టా వాడిపోయిందో!" అని మొగుణ్ణి దులిపేసి, "పద జడ్సనన్నా, నేనొస్తా" అని చెప్పులేసుకుంది.

ఏసుమణి వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. తలెత్తకుండానే, "రా కరుణా. నీ యెనకొచ్చినాయన ఎవురు?" అన్నది.

జడ్సన్ కాగితం ముందుకు చాపాడు. కరుణకు ఆయన్ని వెనక్కి లాక్కుపోదామా అనిపించింది.

"అక్కా, నీ గొంతు మైకులో వేసుకునేదానికి పర్మిషన్ కోసం వచ్చినా" అన్నాడాయన.

"ఇరవై నాలుగేళ్ళకు అడగాలని తోచిందా నీకు?"

"అట్టమీద పది పేర్లకే చోటుందన్నారు. పరాయోళ్ళ పేరు తీస్తే బాగుండదు, మనింటి మనిషే గదా అని నీది తీసినా. అంతేనక్కా. తప్పే."

ఏసుమణి చేతిలో గింజ కిందపడింది. "మనింటి మనిషినని ఒక్కమాట అడిగుంటే, నేనే తీసెయ్యమందును గదరా!" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. జడ్సన్ మెట్టుమీద కూలబడి ఏడ్చాడు. కరుణ కూడా ఆగలేకపోయింది.

కాసేపటికి ఏసుమణి ముక్కు తుడుచుకుని పెన్ను అందుకుంది. అందుకుని ఆగింది. "వినకుండా సంతకం పెడతానా? నా క్యాసెట్టు ఆ రోజే కాలవలో పారేసినా."

ముగ్గురూ బయలుదేరి బీరువా ముందుకొచ్చారు. ఏసుమణి కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నది. "నా గొంతు బాగానే ఉండాది. తబలా వాయించినోడే తొందరపడినాడు" అని సంతకం పెట్టింది. జడ్సన్ ఆ మాటకు మురిసిపోయాడు. ఆదివారం ఆమె ముందు వరుసలో కూర్చుంది. జడ్సన్ పదకొండు పేర్లూ మైకులో చదివాడు, అక్క పేరు రెండుసార్లు.

మర్నాడు కరుణ పట్టుచీర బీరువాలో పెడుతుంటే సర్వరు వెనకనుంచి ఒక కాగితం జారింది. పాటలు రాసి, బాణీలు కట్టి, ఆ క్యాసెట్టు వేయించిన హెన్రీ మేష్టారు నాలుగేళ్ళ కిందట హెబ్రోను అడిగితే రాసిచ్చినది. పాడినవాళ్ళు హక్కులన్నీ ఆనాడే తనకిచ్చారనీ, తాను వాటిని చర్చి సంఘానికి ఇచ్చేస్తున్నాననీ, ఈ పాటలు ఎవరైనా ఎక్కడైనా వేసుకోవచ్చు, పంచుకోవచ్చనీ ఉంది. కింద సంతకం, తేదీ.

"ఏమయ్యా, ఈ ఒక్క కాయితం చాలదా?"

"చాలు" అన్నాడు హెబ్రోను, మోటారుకు తీగ చుట్టుకుంటూ.

"మరి పదకొండు సంతకాలని జడ్సనన్నను చిల్లకూరుదాకా తిప్పినావే!"

"ఒక్క ఏసుమణక్క సంతకమే తెమ్మంటే అనుమానం రాదా మే? అందుకని పక్కన పది పెట్టినా."

"అబద్ధం గదయ్యా అది?"

"నేనేం అబద్ధం చెప్పినా? సంతకాలు కావాలన్నా. ఎందుకని నన్నెవురూ అడగలేదు."

కరుణ నవ్వాపుకోలేక మంచంమీద కూర్చుంది. బాగా నవ్వాక, "జడ్సనన్నకు చెప్పొచ్చునా?" అన్నది. కాపురానికొచ్చాక ఆమె ఈయన్ని పర్మిషన్ అడగడం అదే మొదలు.

"చెప్పబాక. ఇంకో క్యాసెట్టుండాది. అందులో మాట్లాడుకోనోళ్ళు ఇద్దురుండారు."

కరుణ ఆ కాగితాన్ని మడిచి చేతిలోనే ఉంచుకుంది. "ఈసారన్నా నా బీరువాలో దాచేముందు నన్నడుగు."

హెబ్రోను తీగ పక్కన పెట్టి, లేచి నిలబడి, అడిగాడు.