సబా మాట పూర్తయ్యేదాకా

కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే షబ్బీర్ మొన్నటిదాకా చాయ్‌ని సాసర్‌లో పోసుకొని, నిలబడే జుర్రేసి బస్సుకు ఉరికేవాడు. కూతురు సబాకు నత్తి. ఆమె నోరు తెరిస్తే చాలు, "పెన్నా? తెస్త" అని మిగతా మాట తానే పూర్తిచేసేవాడు. ఓ సాయంత్రం అట్లాగే పెన్ను తెచ్చిస్తే ఆ పిల్ల ఏడ్చింది. ఆ రోజు బడిలో ఆమె పద్యం చెప్పింది. పొద్దున "ప... ప..." అన్నది పెన్ను కోసం కాదు, వచ్చి ఆ పద్యం వినమని అడగబోయిందట. అప్పటినుంచి తెల్లారుజామున ఫజర్ నమాజు కాగానే గుమ్మం ముందు కూర్చుని, కప్పులోనే ఊదుకుంటూ తాగుతాడు.

ఇవాళ సబా తండ్రి పక్కన కూర్చుని, "అబ్బాజాన్, ఈ చా... చా..." అని ఆగింది. సందు చివర బస్సు హారన్ కొట్టింది. షబ్బీర్ మడమ లేచి, మళ్లీ నేలకు ఆనింది.

"నిమ్మళంగ చెప్పు బేటా. నేనేడికి పోతలేను."

"ఈ చాయ్ నే... నేనే పెట్టిన."

సగం తాగేసిన కప్పులోకి చూశాడు షబ్బీర్. మిగతాది మొదటి గుక్కలా తాగాడు.