రాళ్లవాన నాడు తీసిన గాలి

బస్సు టైర్లలో గాలి నేను సొంత తెలివితో తీశానని కంపెనీ రిపోర్టులో రాశారు. అది అబద్ధం. తీయమన్నారు, తీశాను. తీయమన్నవాడి సంతకమే ఆ రిపోర్టు కింద ఉంది.

నేను ఖతర్‌లో లేబర్ బస్సు డ్రైవర్ని. ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంప్. పొద్దున అక్కడి నుంచి మనుషుల్ని సైటుకు చేర్చాలి, డ్యూటీ అయ్యాక తిరిగి తేవాలి. ఇరవై ఏళ్లు దాటింది ఇదే పని. అంతకుముందు మన దేశంలో లారీ నడిపాను. బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. మిగతా చదువు మిర్చిబజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద సాగింది. ఇక్కడికొచ్చాక బండితో పాటు వచ్చే పుస్తకాన్ని ముందేసుకొని, ఒక్కో మాటనూ డిక్షనరీలో వెతుక్కుంటూ ఇంగ్లీషు నేర్చాను. అందుకే రిపోర్టు చేతికిచ్చి సంతకం పెట్టమన్నప్పుడు పెట్టలేదు, చదివాను. చదువుతానని వాళ్లు అనుకోలేదు.

ఈ ఊళ్లో వాన అంటే ఏడాదికి నాలుగైదు రోజులు. నెలల తరబడి రోడ్డు మీద పడ్డ నూనె, టైర్ల నలుపు, దుమ్ము, అన్నీ మొదటి వానకు పైకి తేలి సబ్బునురగలా అవుతాయి. ఇక్కడివాళ్లు ఎండకు తగ్గట్టు, ఇసుకకు తగ్గట్టు నడపడం నేర్చుకున్నారు. వానకు నేర్చుకోలేదు, అవసరం పడలేదు. ఊరంతా చదును. గుట్టలు లేవు. ఎక్కడం, దిగడం అంటే ఫ్లైఓవర్లే.

ఆ రోజు అల్ ఘర్రాఫా దగ్గర సైటు. మబ్బు పట్టిందని మధ్యాహ్నం రెండింటికే పని ఆపేశారు. నలభై మందిని ఎక్కించుకొని బయల్దేరాను. పావుగంట పోయామో లేదో, టిప్పర్ కంకర ఒంపినట్టు బస్సు టాపు మీద మోత మొదలైంది. రాళ్లవాన. నేను ఇక్కడికి వచ్చాక అంత పెద్దది చూడలేదు. పది నిమిషాల్లో రోడ్డు తెల్లబడింది. బస్సులో వాళ్లకు పండగైంది. కిటికీలు తెరిచి చేతులు చాపారు, దొరికిన వడగళ్లను నోట్లో వేసుకున్నారు, ఇంటికి వీడియో కాల్ చేసి చూపించారు. ఒకరి ఫోన్లోంచి ముసలి ఆడగొంతు గట్టిగానే వినిపించింది: "దుబాయ్‌ల గూడ రాళ్లవాన పడుతదా బిడ్డా?" మా ఊళ్లవాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఫ్లైఓవర్ మొదట్లోకి వచ్చేసరికి నవ్వు పోయింది. కింద సర్వీసు రోడ్డులో నీళ్లు కారు అద్దాల దాకా నిలిచాయి. పైకి పోవడం ఒక్కటే దారి. ఆ ఎక్కుడు మీద పెద్ద పెద్ద బండ్లు అడ్డం తిరిగి ఉన్నాయి, చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి, ఒకటి వెనక్కి జారుతోంది. బస్సును పక్కకు తీసి ఆపాను. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికి ఫోన్ చేసి, అర్ధగంట ఆగుతానని, ఎండ కొడితే అంతా కరిగిపోతుందని చెప్పాను.

ఇన్‌చార్జి కోస్తా వైపు మనిషి. వయసులో నాకంటే చాలా చిన్న. సెలవు రోజున పెద్ద జీపు వేసుకొని ఎడారిలోకి పోయి ఇసుక దిబ్బల మీద నడపడం ఆయన సరదా. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగానికి తగ్గిస్తారు. టైరు వెడల్పై ఇసుకలో కూరుకుపోకుండా ఉంటుంది. ఇక్కడ అందరికీ తెలిసిన పద్ధతే. ఆయన ఫోన్లో నాతో ఎక్కువ మాట్లాడలేదు. రెండు నిమిషాలకు డ్రైవర్ల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. స్పీకర్లో విన్నాను.

"అందరూ వినండి. రోడ్డు జారుతుందని ఎవరూ ఆగొద్దు. ఇసుకలో ఎలాగో ఇదీ అంతే. టైర్లలో గాలి సగానికి తీసెయ్యండి, పట్టు దొరుకుద్ది. నాలుగింటికల్లా బస్సులు రెండో సైటుకి వెళ్లాలి. బాబాయ్, నీకే చెప్తున్నా."

బాబాయ్ అంటే నేను. మళ్లీ ఫోన్ చేశాను. "సార్, ఇసుక వేరే, ఇది వేరే. గాలి తీస్తే బండి తేలుతది," అన్నాను. చెప్పింది చెయ్యమని, వాదన వద్దని పెట్టేశాడు.

నాకు తెలియక కాదు. వయసులో ఉన్నప్పుడు ఆపిల్ పండ్ల లోడు కోసం కాశ్మీరు దాకా పోయినవాణ్ణి. మంచు పడ్డ ఘాట్ రోడ్డు మీద ఒక సర్దార్జీ డ్రైవర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నేర్పాడు. టైరు గట్టిగా ఉండాలి, మెత్తటి మంచును కోసుకొని రోడ్డును పట్టుకోవాలి. దిగుడులో బ్రేకు జోలికి పోవద్దు, చిన్న గేరులో ఇంజిన్‌తోనే ఆపుకోవాలి. ఆయన తలపాగా రంగు కూడా నాకు ఇంకా గుర్తుంది. ఇంత గుర్తున్నవాణ్ణి, స్క్రూడ్రైవర్ పట్టుకొని కిందికి దిగాను. ఇరవై ఏళ్లుగా జీ సార్ అని అలవాటైన నోరు నాది. చేతులు కూడా ఆ నోటి వెంటే పోయాయి. రిపోర్టు రాసినవాళ్ల మీద ఎంత కోపమో, ఆ స్క్రూడ్రైవర్ మీద కూడా అంతే కోపం.

ముందు సీట్లో, తలుపు పక్కన, మా జిల్లా రాడ్‌బెండింగ్ మేస్త్రీ ఎప్పుడూ కూర్చుంటాడు. తల బయటపెట్టి అడిగాడు.

"ఏం జేస్తున్నవ్ కాకా? పంక్చర్ గిట్ల అయిందా?"

"గాలి తీస్తున్న. సార్ తియ్యమన్నడు. నువ్వూ విన్నవ్ గద."

"ఇన్న గని, గాలి తీస్తే బస్సు ఎట్ల పోతదే?"

ఆరు టైర్లు. ఒక్కోదాని నాజిల్ నొక్కి పట్టుకొని కూర్చుంటే, బుస్సుమని పోతున్న గాలి చల్లగా మొహానికి తగిలింది.

ఎక్కుడు ఎలాగో ఎక్కింది. స్టీరింగు బరువైంది, బస్సు పడవలా అటూ ఇటూ ఊగింది. పైకి చేరి కిందికి చూశాను. దిగుడంతా తెలుపు. అట్టడుగున సిగ్నల్ దగ్గర కార్ల వరస. ఆ వరస చివర, సరుకులు చేరవేసే ఒకతను జారిపడ్డ మోటార్ సైకిల్‌ను రెండు చేతులతో లేపుకుంటున్నాడు. వీపు మా వైపు ఉంది.

రెండో గేరులో పెట్టాను. బ్రేకు మీద కాలు పెట్టలేదు. సగం దిగేదాకా బస్సు మాట విన్నది. ఆ తర్వాత వెనక భాగం తనంత తాను ఎడమకు కదలడం నడుము కింద తెలిసింది. స్టీరింగును అటే కొద్దిగా తిప్పాను. మెత్తబడ్డ టైర్లు మడత పడ్డాయే కానీ చక్రం తిరిగిన వైపు బండి తిరగలేదు. కింద మనిషి ఇంకా బండి లేపుతూనే ఉన్నాడు. హారన్ కొట్టాను. అతను తిరిగి చూశాడు కానీ కదల్లేదు, కాళ్ల కింద అతనికీ జారుడే.

ఇక మిగిలింది కుడివైపు గోడ ఒక్కటే. గట్టిగా పట్టుకోండని అరిచి, బస్సును గోడకు ఆనించాను. రేకు గీసుకుపోయే చప్పుడు ఎంతసేపు వచ్చిందో చెప్పలేను. తలుపు ఊడింది. బస్సు ఆగేసరికి మోటార్ సైకిలతనికీ మాకూ మధ్య ఒక కారు పట్టేంత జాగా ఉంది.

నలభై మందిలో దెబ్బ తగిలింది ఒక్కడికి. తలుపు పక్క కడ్డీ పట్టుకొని కూర్చున్న మేస్త్రీకి. కుడి మణికట్టు విరిగింది. ఇనుము వంచి బతికే చెయ్యి అది. ఏడవలేదు. మంచు ముద్ద ఒకటి తెచ్చి దాని మీద పెడితే, "సల్లగున్నది కాకా," అన్నాడంతే.

సాయంత్రం గ్రూపు తెరిచి చూస్తే, ఇన్‌చార్జి వాయిస్ ఉండాల్సిన చోట మెసేజ్ తొలగించబడిందనే గీత ఒకటి ఉంది. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. నన్ను బస్సు దించి క్యాంప్ గేటు దగ్గర రిజిస్టరు రాయడానికి కూర్చోబెట్టారు.

తోటి డ్రైవర్లను అడిగాను, ఆ మెసేజ్ విన్నామని రాసివ్వమని. ముగ్గురు వినలేదన్నారు. నాలుగోవాడు, నాతో పదేళ్లు ఒకే గదిలో ఉన్నవాడు, దాచుకోకుండా చెప్పాడు: "విన్నమన్నా, అందరం విన్నం. తీసినమని సార్‌కు చెప్పి ఊకున్నం. నువ్వొక్కనివే నిజంగ తీస్తివి."

ఆ మాట దగ్గర నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అబద్ధం చెప్పినవాళ్లు బస్సులు నడుపుతున్నారు. మాట విన్నవాణ్ణి గేటు దగ్గర ఉన్నాను.

సేఫ్టీ ఆఫీసుకు అర్జీ పెట్టాను. ఇంగ్లీషులో, నా చేత్తోనే. జవాబు లేదు. రెండోది పెట్టాను. ఫైల్ చూస్తామన్నారు. మూడోదానికి మేస్త్రీ సాక్ష్యం జతచేశాను. కుడిచేతికి ఇంకా పట్టీ ఉంది. ఎడమచేత్తో, నాలుక బయటపెట్టి, వంకర టింకరగా పేరు రాశాడు. "నా సంతకం గాదంటరేమో కాకా," అన్నాడు. గోడకు ఆనించి నీ చెయ్యి విరిచింది నేనే కదా, నాకెందుకు సాక్ష్యం ఇస్తున్నావని అడిగాను. "ఆనియ్యకపోతే ఆ బండాయన ఉండెటోడా?" అన్నాడు.

ఆ మూడో అర్జీలో ఒక్కటే అడిగాను. బస్సు ఇవ్వకపోయినా సరే. నన్ను ఇంటికి పంపినా సరే. సొంత తెలివితో అన్న మాటను కొట్టేయండి. ఇసుకకూ మంచుకూ తేడా ఏమిటో, దిగుడులో మెత్తని టైరు ఏం చేస్తుందో, బొమ్మ గీసి ఒక పేజీ నిండా రాశాను.

నెలన్నరకు జవాబు వచ్చింది. గేటు దగ్గర కుర్చీలో కూర్చొని డిక్షనరీ అవసరం లేకుండా చదివాను. తెలుగులో ఇది:

"మీ మూడు అర్జీలు అందాయి. సంతకాలు పూర్తయిన రిపోర్టులో మాటలు మార్చే పద్ధతి మాకు లేదు. ఆదివారం నుంచి మీరు మళ్లీ బస్సు డ్యూటీకి రావచ్చు. డ్రైవర్లకు కొత్త సూచనల కాగితం జతచేశాము. వానలో, వడగళ్లలో టైర్ల గాలి తగ్గించరాదన్న నాలుగో సూచనను, దాని బొమ్మతో సహా, మీ అర్జీ నుంచి తీసుకున్నాము. దాన్ని మీరే డ్రైవర్లందరికీ, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికీ చదివి వినిపించి, వారి సంతకాలు తీసుకొని పంపగలరు."