వద్దనడం రాని మా బావ కంప్యూటర్

మా బావది ఫోటో స్టూడియో. బస్టాపు వెనక సందులో రెండు గదుల కొట్టు. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఓ బెంచీ. వెనక గదిలో లైట్లు, తెల్ల తెర, జుట్టు దువ్వుకోడానికి అద్దం. మనిషి బంగారం. ఉన్నదల్లా ఒకటే జబ్బు, మొహమాటం. ఎవరేం అడిగినా వద్దనలేడు. పక్క కొట్టాయన నిచ్చెన, సైకిళ్లు బాగుచేసేవాడి గాలిపంపు, ఎవరివో మా బావకే తెలీని రెండు కుర్చీలు, అన్నీ ఆ కొట్లోనే కాపురం.

మనుషుల దగ్గర మొహమాటం అంటే సరే, కంప్యూటరు దగ్గర కూడానా! తెర మీదికి ఏదో ఒక చిన్న పెట్టె వచ్చి, నన్ను కూడా ఉంచుకుంటారా అని అడిగితే చాలు, సరే అని నొక్కేస్తాడు. ఎందుకు బావా అంటే, పాపం అడుగుతోంది కదా అంటాడు. అలా వచ్చినవన్నీ పొద్దున్నే మెషిన్ ఆన్ చెయ్యగానే ముందు నేనంటే ముందు నేనని లేచి కూర్చునేవి. వాతావరణం చెప్పేది, గడియారం చూపించేది, ఎప్పుడో పారేసిన పాత ప్రింటరు తాలూకుది, మూడు రకాల వైరస్ కాపలాదార్లు. ఆ ముగ్గురూ ఒకర్నొకరు అనుమానించుకోడంతోనే సరిపోయేది. ఇవన్నీ సర్దుకుని అసలు ఫోటోల పని మొదలయ్యేసరికి బెంచీ మీదున్న మనిషి లేచి ఎదురు స్టూడియోకి వెళ్లిపోయేవాడు.

పోయినేడు స్కూలు ఫోటోలు అలాగే పోయాయి. హెడ్‌మిస్ట్రెస్ గారు ఒక తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి తీసుకొచ్చారు. మెషిన్ లేచేలోపు దువ్విన తలలన్నీ రేగిపోయాయి, ఇద్దరు కొట్టుకున్నారు, ఒకడు గాలిపంపుతో ఇంకొకడి చెవిలోకి గాలి కొట్టాడు. ఆవిడ అందర్నీ ఎదుటివాడి దగ్గరికి నడిపించుకుపోయారు. ఈ ఏడు మాత్రం, రేపు పొద్దున తలుపు తియ్యగానే వస్తాను, ముందు నా ఫోటో తీసి చూపించండి, తర్వాత పిల్లల సంగతి చూద్దాం అని కబురు పెట్టారు. ఆ పని కూడా పోతే కొట్టు మూసేసి ఎక్కడో జీతానికి చేరాల్సిందేనని అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే వెళ్లి మెషిన్ ముందు కూర్చున్నాను.

పని పెద్దదేం కాదు. ఆన్ చెయ్యగానే వాటంతట అవి లేచేవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. అక్కర్లేని దాన్ని లేవకుండా ఆపెయ్యాలి, అంతే. కానీ పక్కన మా బావ ఉన్నాడే, తల ప్రాణం తోకకి తెచ్చాడు. ఒక్కోదాన్ని ఆపుతుంటే మొహం అటు తిప్పుకుంటాడు. వాతావరణం దాన్ని ఆపితే, అది మనకేం అపకారం చేసిందమ్మా అంటాడు. "నువ్వు నోరు మూసుకుని కూర్చో బావా" అన్నాను. మరదల్ని కాబట్టి చెల్లింది.

చివరికి 'నీళ్లు' అని పేరున్నది ఒకటి మిగిలింది. ఇదేంటో అనుకుంటూ దాన్నీ ఆపబోయాను. మా బావ టక్కున నా చేతి మీద చెయ్యి వేశాడు.

"వద్దు."

నేను గుడ్లప్పగించి చూశాను. మొహం కందగడ్డలా ఉంది. అదేంటి బావా అంటే నీళ్లు నమిలాడు. సరే చావు అని వదిలేశాను. మెషిన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూద్దామంటే, ముందు స్పీకర్ గొంతు పూర్తిగా తగ్గించి, ఆ తర్వాతే ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మా అక్క కూడా వచ్చింది. పెళ్లయిన కొత్తలో తప్ప కొట్టు తెరిచే వేళకి తనెప్పుడూ రాలేదు, ఇంట్లో పని తెమలదు. ఇవాళ ఇంట్లో కాలు నిలవలేదట. హెడ్‌మిస్ట్రెస్ గారు బెంచీ మీద కూర్చుని కళ్లద్దాలు తీశారు. మా బావ కంగారులో రోజూలాగే స్పీకర్ గొంతు పెంచి మెషిన్ ఆన్ చేశాడు. ఆవిడ అద్దాలు తుడిచి పెట్టుకునేలోపే తెర వెలిగింది. వెలగడమేంటి, మాట్లాడింది.

"వచ్చారా? ముందు మంచినీళ్లు తాగండి. ఫోటోలు ఎక్కడికీ పారిపోవు."

మా అక్క గొంతు! లేతగా, నవ్వాపుకుంటూ. కొట్టు పెట్టిన కొత్తలో మైకు పనిచేస్తుందో లేదోనని ఏదో ఒకటి మాట్లాడమంటే మాట్లాడిందట. తనే మర్చిపోయింది. ఈయనేమో ఇన్నేళ్లుగా పొద్దున్నే అది విని, నీళ్లు తాగి, పని మొదలుపెడుతున్నాడు.

"ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు, పిలిచిందెవరా అని చుట్టూ చూస్తూ. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి పరిగెత్తింది. ఫోటో తియ్యడం, ప్రింటు చేతికివ్వడం చకచకా జరిగిపోయాయి. అందులో ఆవిడ నవ్వుతున్నారు. సోమవారం నుంచి ఒక్కో తరగతినీ పంపిస్తానని, ఆ గాలిపంపు మాత్రం ముందు తీయించెయ్యమని చెప్పి వెళ్లారు.

ఇంటికెళ్లే దారిలో అక్క నా చెయ్యి గిల్లింది.

"అన్నీ తీసేసి అదొక్కటే ఎందుకు వదిలేశావే?"

"నేనెక్కడ వదిలాను? తీసేస్తుంటే మీ ఆయనే వద్దన్నాడు."

అక్క నడక ఆపేసింది. "ఎవరు, ఈయనా? వద్దన్నారా?"

"అవును."

"ఏదీ, ఎలా అన్నారో మళ్లీ చెప్పు."

చెప్పాను. ఇంటికి చేరేలోపు ఇంకో రెండుసార్లు చెప్పించుకుంది.