చెట్టెక్కే ముందు కేక

అపరాధ పరిశోధన నవలలకు మా ఇళ్లు బొత్తిగా పనికిరావు. వీధి గుమ్మంలో దూరినవాడు పెరటి గుమ్మంలోంచి పోయేలోగా నలుగురు పలకరిస్తారు, ఒకరు మజ్జిగ ఇస్తారు. ఇక రహస్యమేముంది? అందుకని నా కథలన్నీ మహమ్మదీయుల ఘోషా ఇళ్లలో జరిపించేవాణ్ణి. ఎత్తు గోడలు, మూసిన తలుపులు, తెరల వెనక స్త్రీలు. ఘోషా ఇంటి లోపలికి నేనెన్నడూ అడుగుపెట్టి ఎరగను. ఆ ఎరగకపోవడమే నా ధైర్యం.

రాజమహేంద్రవరంలో బడిపంతులుగా ఉండగా నా మూడో నవల ఒక మాసపత్రికలో వస్తుండేది. పట్టపగలు, జనానా ముంగిట్లో ఎనిమిది మంది ఉండగా, తలుపు లోపల గడియ వేసి ఉండగా, తలంటుకోవడానికి బేగం తీసిపెట్టిన పచ్చల హారం మాయమైంది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నారు. నా దొంగ నాకే దొరక్క ఐదు నెలలుగా దొరలా తిరుగుతున్నాడు. పది రోజుల్లో చివరి ప్రకరణం పంపకపోతే ముగింపు తానే రాసుకుంటానని పత్రికాధిపతి ఉత్తరం రాశాడు. రాసేవాడికి ఇంతకంటే చావు లేదు.

అప్పుడే పక్కింటి సాయిబుగారు కబురుపెట్టారు. జిల్లా కోర్టులో డఫేదారుగా చేసి పింఛను పుచ్చుకుంటున్న పెద్దమనిషి. నా నవల నెలనెలా బీబీగారికి చదివి వినిపిస్తున్నారట.

"మా ఆవిడ మీతో ఓ మాట చెప్పాలంటోందండి, పంతులుగారూ."

ముందు గదిలో కూర్చున్నాను. నాలుగడుగుల దూరంలో తెర, తెర వెనక బీబీగారు. ఆవిడ మాట నాకు శుభ్రంగా వినిపిస్తూనే ఉంది. అయినా సాయిబుగారు ప్రతి మాటా మళ్లీ నాకు అప్పజెప్పేవారు. అది పద్ధతి.

"ఆ డిటెక్టివు బురఖా వేసుకుని జనానాలో దూరాడా? నడక చూస్తే తెలీదా మాకు? గడపలోనే చీపురు తిరగేస్తాం."

"తిరగేస్తారటండి," అన్నారు సాయిబుగారు మొహమాటంగా.

మూడు నవలలుగా పెంచుకొచ్చిన నా డిటెక్టివు మీసాలు అక్కడే వాలిపోయాయి. ఉక్రోషం వచ్చింది.

"మరి హారం ఎవరు తీశారో ఆవిడనే చెప్పమనండి!"

"మీ పెరట్లో కాయలు దింపేవాడు ముందేం చేస్తాడు?" అంది తెర.

ఏం చేస్తాడు, కేకేస్తాడు. కొబ్బరిచెట్టు మీంచి చుట్టుపక్కల ముంగిళ్లన్నీ కనిపిస్తాయి కనుక "చెట్టెక్కుతున్నానహో!" అని అరుస్తాడు. ఘోషా స్త్రీలు లోపలికి తప్పుకుంటారు. "దిగానహో!" అన్నాక బయటికి వస్తారు. పుట్టినప్పటినుంచీ వింటున్న కేకే.

"ఎవడో చెట్టెక్కకుండానే కేకేశాడు. ఎనిమిదిమందీ లోపలికి పోయారు. వాడు గోడ దూకాడు. తర్వాత ఎవర్నడిగినా ముంగిట్లోనే ఉన్నామంటారు. అబద్ధం కాదు. కేకకి లోపలికి పోవడం మేం ఎవరం లెక్కలో వేసుకోం."

సాయిబుగారు ఈసారి అప్పజెప్పలేదు. మొహం పాలిపోయింది.

"ఇది అచ్చేస్తే రేపు ప్రతి దొంగా కేకేస్తాడండి, పంతులుగారూ."

నిజమే. ఘోషా ఇళ్ల ఆడవాళ్ల కంటే ముందు నా ప్రకరణమే గుర్తొచ్చినందుకు సిగ్గుపడ్డాను. వద్దులెండి, ఇంకేదో అల్లుకుంటానని లేచాను.

"అచ్చెయ్యమనండి," అంది తెర. "దొంగలకి తోచడానికి ఎంతసేపు? తోచనిది మాకే. చదివితే మావాళ్లు జాగ్రత్తపడతారు. ఒకటి మాత్రం, పట్టుకునేది లోపలి మనిషే అవ్వాలి."

అలాగే రాశాను. అందరిలోకీ చిన్న బేగం దొంగను పట్టించింది. నా డిటెక్టివు వీధి అరుగు మీద కూర్చుని కబురు విన్నాడు. పుస్తకంగా వేసినప్పుడు బీబీగారి పేరుతో కృతజ్ఞత చెప్పుకుంటానంటే, పరాయివాళ్లకి ఆడవాళ్ల పేర్లు చెప్పకూడదండి, ఏమీ అనుకోకండి, అన్నారు సాయిబుగారు. ఆ పేరు నాకు ఈనాటికీ తెలియదు.

పత్రిక వచ్చిన వారానికి మా పెరట్లో కేక వినబడింది. వెంటనే గోడవతలి నుంచి బీబీగారి గొంతు, మధ్యవర్తి లేకుండా:

"ఏ చెట్టు?"

దింపేవాడు తెల్లబోయాడు. "బావి పక్కదండి."

గోడపైన ఆ చెట్టు తల కదలడం చూశాకే ఆవిడ లోపలికి తప్పుకునేది. ఏడాది తిరిగేసరికి మా వీధి ఘోషా ఇళ్లన్నీ అలాగే అడగసాగాయి. దింపేవాళ్లు నన్ను చూసి గొణుక్కునేవారు. నాకు మాత్రం ఎక్కడలేని గర్వం.

ఆరేళ్లకు వానాకాలపు జ్వరంలో బీబీగారు పోయారు. ముఖమైనా ఎరగని మనిషి కోసం జనాజా వెనక నడుస్తూ ఏడ్చాను.

నలభై రోజులు దాటాక దింపేవాడు వచ్చాడు. కేకేసి, అలవాటుగా చెట్టుకు చెయ్యానించి నిలబడ్డాడు. అవతలి ఇంట్లో లోపలికి తప్పుకోవలసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఎక్కమని చెబుదామని నోరు తెరిచాను.

గోడవతల సాయిబుగారు గొంతు సవరించుకున్నారు.

"ఏ చెట్టు?" అన్నారు.