సొప్ప మోపు చాటున

నా ఫోన్‌లో నా ఫొటోలు రెండే ఉన్నాయి. రెండూ వెనక నుంచి తీసినవే. తీసింది కూడా ఒక్కరే, ప్రొద్దుటూరు వంతెన దగ్గర కూర్చునే ట్రాఫిక్ కానిస్టేబుల్.

మొదటిది చలానాతో పాటు వచ్చింది. జరిమానా ఎంతో చూడకముందే నా వీపు చూసుకున్నాను. చొక్కా కాలరు ఒక పక్క లోపలికి మడతపడి ఉంది. పొద్దుటి నుంచీ షాపులో అలాగే తిరిగి ఉంటాను. ఎవరూ చెప్పలేదు. బయలుదేరేటప్పుడు చూసి సరిచేసే మనిషి ఇంట్లో లేక అప్పటికి ఆరేళ్లు. నా భార్య పులివెందులలో వాళ్ల అన్న ఇంట్లో ఉంటుంది.

నేను కళ్లద్దాల షాపులో పని చేస్తాను. అద్దాలను అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. అద్దె తక్కువని పెన్నకు అవతల ఒక పల్లెలో గది తీసుకున్నాను. మధ్యలో వంతెన. ఆ ఏడు దానికి మరమ్మతు మొదలుపెట్టారు. మొత్తం తవ్వేసి, ఒక అంచున మాత్రం సిమెంటు నింపిన డ్రమ్ములు రెండు వరసలుగా పెట్టి సన్నటి దోవ వదిలారు. సైకిళ్లకు, నడిచేవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టారు. మోటారు బండి ఉన్నవాళ్లు చుట్టూ తిరిగి ఇంకో వంతెన మీదుగా రావాలి. అరగంట పైనే ఎక్కువ పడుతుంది.

ఒంటరి మనిషికి అరగంట ముందు లేవడం కష్టం కాదు. గదిలో నన్ను ఆపేవాళ్లు లేరు. అయినా లేవలేదు. నాలాంటి బండివాళ్లు చాలామందే ఆ దోవలో దూరేవాళ్లు. వెనక నుంచి హారన్ కొడితే సైకిలువాళ్లు డ్రమ్ములకు ఆనుకుని నిలబడాలి. రోజూ తగాదాలే.

"కండ్లు కనపడ్లేదా? బోర్డు సూడప్పా, సైకిళ్లకని రాసుండ్లా?" అని ఒకడు అరిచేవాడు.

"సైకిలోళ్లకు రాజ్యమొచ్చిందిరా నాయనా!" అని బండివాడు.

"రాజ్యం యాడిది? ఉండేది మూరెడు దోవ. అది గూడా మీకే గావాల్నా?"

తగాదాలు ముదిరి చేతుల దాకా వచ్చాక కానిస్టేబుల్‌ను వేశారు. పల్లె వైపు మొదట్లో, గొడుగు కింద కుర్చీ. ఆయన ఎవరినీ ఆపేవాడు కాదు, కేకలు వేసేవాడు కాదు. బండి దోవలోకి దూరిన తర్వాత లేచి, వెనక నుంచి నెంబరు కనపడేలా ఫోన్‌తో ఫొటో తీసేవాడు. అంతే. మధ్యాహ్నానికి చలానా ఫోన్‌కు వచ్చేది. సాయంత్రం ఆరింటికి గొడుగు ముడుచుకుని వెళ్లిపోయేవాడు.

మొదటి చలానా తర్వాత నాలుగు రోజులు చుట్టూ తిరిగి వెళ్లాను. ఐదో రోజు ఆలస్యమై మళ్లీ దూరాను. ఆ రోజు చలానా రాలేదు. ఎందుకు రాలేదా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. నా వెనకే ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చాడు. వెనక క్యారియర్‌కు అడ్డంగా పచ్చి జొన్న సొప్ప మోపు కట్టుకున్నాడు. ఆ మోపుకు అటూ ఇటూ డ్రమ్ములకు జానెడు సందు కూడా లేదు. దాని చాటున నా బండి నెంబరు కానిస్టేబుల్‌కు కనపడలేదు.

మరుసటి రోజు నేను ఆయన కోసం కాచుకున్నాను. ఆయన రాగానే బండి ముందుకు పోనిచ్చి, ఆయన వేగంతోనే నడిపాను. మూడు రోజులు ఆయన ఏమీ అనలేదు. నాలుగో రోజు వెనక నుంచి నవ్వు వినపడింది.

"ఏమప్పా, రోజూ నా మోపు సాటున పోతాండావే. నేనేమన్నా నీకు పెండ్లి పందిరినా?"

నాకు సిగ్గేసింది. "తప్పయిపోయింది మామా" అన్నాను.

"పోనీలే. నువ్వు ముందర పోతాంటే నడిసేవాళ్లు డ్రమ్ముల సందుల్లోకి జరుగుతాండారు. నాకు బెల్లు గొట్టే పని తప్పింది. మెల్లగ పో, అంతే."

అలా కుదిరింది మా ఒప్పందం. ఆయన ఏటికవతలి పొలాల్లో సొప్ప కోసి తెచ్చి ఊళ్లో బర్రెలున్న ఇళ్లకు అమ్మేవాడు. ఆ డబ్బులే ఆయనకూ భార్యకూ తిండి. నేను బండి కుడి అద్దాన్ని కిందికి వంచుకున్నాను. ఆయన ముందు చక్రం నుంచి ముఖం దాకా అందులో కనపడేది. ఆయన మరీ వెనకబడకుండా, నాకు తగలకుండా దాన్ని చూసుకుంటూ నడిపేవాణ్ని. మాటలు కూడా అద్దంలోనే. నేను వెనక్కి తిరిగేది లేదు, ఆయన ముందుకు వచ్చేది లేదు.

రోజూ మొదటి మాట ఒకటే.

"తిన్న్యావా?"

"తిన్న్యా మామా."

"ఏం తిన్న్యావు?"

చాలా రోజులు ఏమీ తినకుండానే వచ్చేవాణ్ని. ఆయన అడుగుతాడని తర్వాత తర్వాత రాత్రి అన్నమే పెరుగు కలిపి తినడం మొదలుపెట్టాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేక కాదు, ఏం తిన్నావని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని. షాపులో పవరు ఎంత, ఫ్రేము ఏది అనే మాటలు తప్ప నాతో ఎవరూ వేరే మాట్లాడరు. గదికి వచ్చాక అది కూడా ఉండదు. వంతెన దాటే ఆ పావుగంటే నాకు రోజంతటికీ మనిషి తోడు.

ఆయన కళ్లద్దాలకు ఒక పక్క కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకునేవాడు. "షాపుకు రా మామా, కొత్తవి జేసిస్తా" అనేవాణ్ని. "సొప్ప అమ్మినాక వస్తాలే" అనేవాడు. ఎప్పుడూ రాలేదు. నేను కూడా గట్టిగా పిలవలేదు.

మిగతా సైకిలువాళ్లకు మా స్నేహం నచ్చలేదు. గోడలు కట్టే మేస్త్రి ఒకాయన మా వెనకే వచ్చేవాడు. ఒకరోజు నాకు వినపడేలాగే అన్నాడు.

"మామా, నువ్వు సైకిలోళ్ల పక్కనా, బండోళ్ల పక్కనా? మేము కొట్లాడి కానిస్టేబుల్‌ను ఏయించుకుంటే, నువ్వు దొంగకు దుప్పటి కప్పుతాండావు."

"పాపం ఒగడే ఉంటాడంట ల్యారా" అన్నాడు పెద్దాయన.

నా గురించి ఆయనకు ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. ఆ మాట విని సంతోషపడ్డాను. నా వల్ల ఆయన తన వాళ్ల చేత మాట పడుతున్నాడని మాత్రం ఆలోచించలేదు.

నెల కావస్తుండగా ఒకరోజు పొద్దున షాపు యజమాని ఫోన్ చేసి, తొందరగా రమ్మని కసురుకున్నాడు. దోవ మొదట్లో పెద్దాయన కోసం కాచుకుని ఉన్నాను. ఆయన వచ్చాడు, మోపు ఎప్పటికంటే పెద్దది. నేను కొంచెం వేగంగా కదిలాను. మా మధ్య ఎడం పెరిగింది. గొడుగు కింద కానిస్టేబుల్ లేచి నిలబడటం ఎడమ అద్దంలో కనపడింది.

"దగ్గరికి రా మామా! లేసినాడు!" అని అరిచాను.

ఆయన లేచి నిలబడి తొక్కాడు. ఎప్పుడూ అలా తొక్కేవాడు కాదు, మోపును రెండు వరసల డ్రమ్ముల మధ్య చూసుకుంటూ మెల్లగా తెచ్చేవాడు. సొప్ప ఎడమ పక్క డ్రమ్ముకు తగులుకుంది. సైకిల్ అడ్డం తిరిగింది.

కుడి అద్దం కిందికి వంచి ఉంది కదా. మామూలుగా ఉండి ఉంటే ఆయన కింద పడ్డాక నాకు కనపడేవాడు కాదు. అంతా కనపడింది. గాలిలో తిరుగుతున్న చక్రం, చెదిరిన సొప్ప, దాని కింద నుంచి ఆయన ముఖం. కళ్లద్దాలు లేవు. నా వైపే చూస్తున్నాడు.

"ఓ బండోడా, నిలబడప్పా!" అని మేస్త్రి అరవడం వినపడింది.

ఆగితే పట్టుబడతాను. షాపుకు ఆలస్యమవుతుంది. ఈ రెండు మాటలూ నా మనసులో స్పష్టంగా అనుకున్నాను. కంగారులో తెలియక పోయానని చెప్పుకోవడానికి లేదు. యాక్సిలరేటర్ తిప్పాను. అవతలి ఒడ్డు దాకా అద్దం వైపు మళ్లీ చూడలేదు.

మధ్యాహ్నం చలానా వచ్చింది. మోపు కింద పడింది కాబట్టి నెంబరు శుభ్రంగా పడింది. ఫొటోలో నా వీపు, నా బండి. కింది మూలన పచ్చటి సొప్ప కుప్ప, అందులోంచి బయటికి చాపిన ఒక చెయ్యి.

మరుసటి రోజు అదే వేళకు దోవ మొదట్లో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. ఏమీ కానట్టు ఆయన వచ్చేస్తాడని అనుకున్నానేమో. మేస్త్రి సైకిల్ దిగి నన్ను పైనుంచి కింద దాకా చూశాడు.

"ఎవురి కోసం నిలబడినావు? ఇంగ మోపు రాదు. చెయ్యి ఇరిగింది, మోకాలు పోయింది. ఎముకలకు ఆడ బాగ సూస్తారని జమ్మలమడుగుకు తీసకపోయినారు. నువ్వు సుట్టు తిరిగి పో."

మూడు రోజులు ఆగి, ఆదివారం జమ్మలమడుగు వెళ్లాను. ఆసుపత్రి వార్డులో ఆయన భార్య మంచం పక్కన కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడింది.

"నువ్వేనా అద్దాలు జేసే అప్ప? రోజూ నీ మాటే ఈయన. కూసో నాయనా. డ్రమ్ముకు మోపు తగిలి పడినాడు, మా గాచారం."

నేను చేసింది ఆయన ఆమెకు చెప్పలేదు. అది అర్థమైనప్పుడైనా నోరు తెరిచి నిజం చెప్పాల్సింది. ఆయన ముఖం దగ్గరికి వంగి నేను చెప్పిన మాట ఇది:

"నేను సూడల్యా మామా. బండి శబ్దంలో ఏమీ ఇనపడల్యా. తెల్సింటే ఆగకపోదునా?"

ఆయన మెల్లగా, భార్యకు వినపడకుండా అన్నాడు.

"అద్దంలో నీ కండ్లు నాకు కనపడినాయప్పా. నెల దినాలుగా రోజూ సూసే కండ్లు గదా."

అని గోడ వైపు తిరిగాడు. నేను బయటికి వస్తుంటే ఆమె వెంట వచ్చి, గుడ్డలో చుట్టిన పగిలిన కళ్లద్దాలు నా చేతిలో పెట్టింది. "ఈటికేమన్నా జేసేకి అయితాదేమో సూడు నాయనా" అంది.

ప్రొద్దుటూరు బస్సు ఎక్కాల్సినవాణ్ని పులివెందుల బస్సు ఎక్కాను. నా భార్య వాకిట్లోనే బియ్యం చెరుగుతూ ఉంది, లోపలికి రమ్మనలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాను. విని, చాట కింద పెట్టింది.

"మా అమ్మ పోయిన దినం ఏడుసార్లు ఫోన్ జేసినా. సూసుకోల్యా అన్న్యావు. సూసినావు. సెలవు అడగాల్సొస్తాదని ఎత్తల్యా. నాకు ఆ పొద్దే తెల్సు. నువ్వు ఎత్తకపోయినందుకు గాదు నేను వచ్చింది. సూసుకోల్యా అన్న్యావే, అందుకు."

చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఇదంతా నాకెందుకు జెప్తావు?" అంది. "పడిన మనిషికి జెప్పుపో."

పగిలిన అద్దం ముక్కలను షాపులో యంత్రం కింద పెట్టి పవరు చూశాను. ఎన్నాళ్లనాటివో, గీతలతో నిండి ఉన్నాయి. పడినప్పుడు అవి కూడా లేకుండా ఆయన నా కళ్లు ఎలా పోల్చుకున్నాడో! నేను చేసిన అద్దాలన్నిటిలో ఎక్కువ జాగ్రత్తగా చేసినవి అవే. నెల తర్వాత, ఆయన ఇంటికి వచ్చాడని తెలిసి, పట్టుకుని వెళ్లాను. వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సైకిల్ గోడకు ఆనించి ఉంది, టైర్లలో గాలి లేదు.

ఈసారి ఆయన భార్య ఎదురుగానే చెప్పాను. "నేను పిలిస్తేనే నువ్వు బిరీన తొక్కినావు మామా. నువ్వు పడింది సూసినా. సూసే పోయినా." ఫోన్ తీసి రెండో ఫొటో ఆయన చేతికిచ్చాను.

ఆయన కొత్త అద్దాలు పెట్టుకుని ఫోన్‌ను దగ్గరగా పట్టుకున్నాడు.

"ఈ మూల ఉండేది నా చెయ్యేనా?"

"నీదే మామా."

"నీ ఈపు మాత్రం శానా బాగ పడింది" అన్నాడు. ఫోన్ తిరిగి ఇచ్చాడు. ఆమె చెంబుతో నీళ్లు తెస్తున్నది మధ్యలోనే ఆగిపోయింది. చెంబు నా దగ్గర కింద పెట్టి లోపలికి వెళ్లింది.

"అద్దాలు బాగ కుదిరినాయి" అన్నాడు ఆయన. "సొప్పకు ఇంగొగడు పోతాండాడు. నేనింగ ఆ దోవన రాను. పొద్దెక్కుతాంది, నువ్వు పో అప్పా."

తిన్న్యావా అని అడగలేదు. వాకిలి దాటేదాకా అడుగుతాడేమోనని మెల్లగా నడిచాను.

వంతెన పని అయిపోయింది. డ్రమ్ములు తీసేశారు, గొడుగు కూడా లేదు. ఇప్పుడు అందరికీ దోవ ఉంది. నేను ఎడమ అంచునే సైకిల్ వేగంతో పోతాను. బండి కుడి అద్దం ఇంకా కిందికే వంచి ఉంది. అందులో వెనక దూరంగా వచ్చే వాహనాలు కనపడవు, చక్రం వెనకాల నాలుగు గజాల ఖాళీ రోడ్డు మాత్రం కనపడుతుంది. మొన్న ఒక బస్సు డ్రైవరు ఎంతసేపు హారన్ కొట్టినా నాకు తెలియలేదు. పక్కకు వచ్చి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అద్దంలో ఏం సూస్తాండావప్పా?"

నేను ఇంకొంచెం ఎడమకు జరిగి దారి ఇచ్చాను.