గారు ఇంటిపేరైన రోజు

మా సారు పోయారని మొన్న మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. ప్రత్తిపాడులో వాళ్ళింట్లో, కాఫీ తాగి పేపరు చూస్తూ, కుర్చీలోనే వెళ్ళిపోయారట. నా పీహెచ్‌డీకి గైడ్ ఆయన. ఏడుస్తూనే బస్సెక్కాను. తీరా వెళ్ళాక వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని, "నీ థీసిస్ గోల చెప్పి మొన్న కూడా నవ్వారమ్మా," అన్నారు. ఇద్దరం ఏడుపులోనే నవ్వేశాం. ఐదారేళ్ళ కిందటి ఆ గోలే మీకూ చెబుతాను.

సారుకి ఎవరి పేరైనా గారు లేకుండా నోట్లోంచి వచ్చేది కాదు. అటెండరు గారు, డ్రైవరు గారు, చివరికి క్యాంటీను పిల్లి గారు. మా పరిశోధన మిరపను పట్టి పీడించే తామర పురుగు మీద. చేలో ఆకు తిరగేసి భూతద్దం పెట్టి, "వేంచేశారమ్మా వీరు, కుటుంబ సమేతంగా," అనేవారు. మందులు కొట్టీ కొట్టీ విసిగిపోయిన రైతు కూడా కిసుక్కున నవ్వేవాడు.

నాకేమో కోపం ముక్కు మీదుంటుంది. కంప్యూటర్ మొరాయిస్తే మౌస్ విసిరికొట్టేదాన్ని. కోపమొస్తే చేలోకి పో తల్లీ, ఆ మిషను నీకంటే మొండిది అనేవారు సారు.

థీసిస్ ఇవ్వడానికి ఆఖరి రోజు శుక్రవారం. అది దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ళ చాకిరీ గంగపాలు. రిఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ అప్పుడే మా కాలేజీకి కొత్తగా వచ్చింది. ఎవరి వ్యాసం, ఏ పత్రిక అని ఒకసారి ఎక్కిస్తే చాలు, మనం కోరిన పద్ధతిలో, ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షర క్రమంలో జాబితా అదే కట్టి ఇస్తుంది. నేను చివరి లెక్కల కోసం పొలాలంట తిరుగుతుంటే, మనవాళ్ళ వ్యాసాలు తను ఎక్కిస్తానని సారే కూర్చున్నారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టారు.

గురువారం మధ్యాహ్నం బటన్ నొక్కాను. విదేశీయులు ఎక్కడివాళ్ళక్కడ ఉన్నారు. మనవాళ్ళే మాయం. వెతికితే అందరూ జి అక్షరం దగ్గర గుంపుగా దొరికారు: గారు వి., గారు ఎస్., గారు కె. లోపల పేజీల్లో "గారు, గారు మరియు గారు" కనిపెట్టినట్టు పడింది. మిరప మీద పరిశోధనంతా ఒక్క వంశమే చేసినట్టుంది. స్టైలు మార్చాను. కామాలూ చుక్కలూ మారాయి గానీ వంశం మారలేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. అయినా అదే. ఇక మౌస్ పైకి లేపాను. సారు మెల్లగా దాన్ని నా చేతిలోంచి తీసుకుని ఒక వ్యాసం వివరాలు తెరిచారు. పేరు చివర గారు అని ఉంది. పేరులో ఆఖరి మాట ఏదైతే అదే ఇంటిపేరనుకుంటుంది ఆ సాఫ్ట్‌వేర్.

"అయితే గారు తీసెయ్యాలా?" సారు ముఖం చిన్నబోయింది. "పెద్దవాళ్ళమ్మా వాళ్ళు."

"మరి మీ పేరుకు పెట్టలేదేం సార్?"

"నాకు నేనే పెట్టుకుంటే ఏం బాగుంటుందమ్మా?"

అందుకని మనవాళ్ళలో ఆయనొక్కరే జాబితా అట్టడుగున, తన ఇంటిపేరు తాలూకు వై అక్షరం దగ్గర, సరిగ్గా ఉన్నారు. అందరూ ఒక పంక్తిలో కూర్చుంటే నన్నొక్కణ్ణే వెలేశారు చూడమ్మా అని సారు పడీపడీ నవ్వారు. నాకూ నవ్వాగలేదు. కోపం ఎటు పోయిందో ఏమో.

ఇక ఒక్కొక్క పేరూ తెరవడం, "ఏమీ అనుకోకండి" అని గొణగడం, గారు చెరపడం. మధ్యలో వాళ్ళ గురించి సారు కబుర్లు. ఈయన సింగరాయకొండ చుట్టుపక్కల చేలన్నీ సైకిల్ మీదే తిరిగారట. ఆయన పెళ్ళిపీటల మీద కూడా జేబులో పురుగుల సీసా పెట్టుకున్నారట. "పేరు ఊరికే రాదమ్మా, ఎండలో మాడితే వస్తుంది," అన్నారు. అప్పటిదాకా అవి నాకు ఉత్త పేర్లు.

చివరికి తన గురువు పేరు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. "ఇది మాత్రం నా వల్ల కాదు," అన్నారు. బతిమాలినా వినలేదు. సరేనని, ఆ ఒక్కటీ అచ్చుకు వెళ్ళే కాపీలో నేను సరిచేసుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో అలాగే ఉంచేశాం. శుక్రవారం ఆఫీసు మూసేలోపే థీసిస్ ఇచ్చేశాం. సారు ల్యాబు మొత్తానికి మిరపకాయ బజ్జీలు తెప్పించారు. తామర పురుగు గారు మనకి వదిలిపెట్టినవి ఇవేనమ్మా అన్నారు.

నిన్న కొత్త వ్యాసం పని ఉండి ఆ పాత ఫైలు తెరిచాను. జి అక్షరం దగ్గర వాళ్ళ గురువుగారు ఇంకా ఒక్కరే ఉన్నారు. అట్టడుగున మా సారు. సారు పేరు చివర గారు చేర్చి బటన్ నొక్కాను. పేరు అట్టడుగు నుంచి లేచి, అందరినీ దాటుకుంటూ పైకి వెళ్ళి, గురువుగారి పక్కన కూర్చుంది.